గీత గీశాకే రన్ నొక్కాలి

సర్క్యూట్ లెక్కలు చేసేవాళ్లందరికీ తెలిసిన దిగులొకటి ఉంది. పేజీ నిండా సమీకరణాలు రాసి, జవాబు కింద గీత గీసుకున్నాక, అది ఒప్పో తప్పో చెప్పేవాళ్లు పక్కన ఉండరు. ఆ లోటు తీర్చే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఉచితంగానే దొరుకుతోంది: ఎల్‌టీస్పైస్, ఎన్‌జీస్పైస్, ఐఐటీ బాంబే వాళ్ల ఈసిమ్.

వీటన్నిటికీ మూలం స్పైస్. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ పెడర్సన్ పర్యవేక్షణలో లారెన్స్ నాగెల్ రాసిన ఈ ప్రోగ్రామ్ 1973లో లోకానికి తెలిసింది. దాని ముందు రూపం విద్యార్థుల క్లాసు ప్రాజెక్టులోంచే పుట్టింది. లోపల అది చేసేదీ మనం నోట్‌బుక్‌లో చేసేదే. ప్రతి నోడ్ దగ్గరా కిర్కాఫ్ కరెంటు నియమం రాసి, సమీకరణాలను మాత్రికగా పేర్చి సాధిస్తుంది. 1845లో తన నియమాలు ప్రకటించేనాటికి కిర్కాఫ్ కూడా విద్యార్థే.

చిన్న లెక్క చూద్దాం. 12 వోల్టుల బ్యాటరీకి శ్రేణిలో 4 ఓమ్‌ల రెసిస్టర్, ఆ తర్వాత సమాంతరంగా 6, 3 ఓమ్‌లు. చేత్తో చేస్తే సమాంతర జంట 2 ఓమ్‌లు, మొత్తం 6, కరెంటు 2 ఆంపియర్లు, జంట మీద 4 వోల్టులు. సాఫ్ట్‌వేర్‌లోనూ ఆ 4 వోల్టులే వస్తాయి. బ్యాటరీ కరెంటు మాత్రం మైనస్ 2 అని కనిపిస్తుంది. అసలు చదువు ఇక్కడే మొదలవుతుంది. సోర్స్ ప్లస్ కొసలోంచి లోపలికి వెళ్లే కరెంటును స్పైస్ పాజిటివ్‌గా లెక్కిస్తుంది. మన బ్యాటరీ బయటికి పంపుతోంది కనుక మైనస్. ఆ గుర్తు ఎందుకొచ్చిందో ఆలోచించి తెలుసుకున్న విద్యార్థికి సైన్ కన్వెన్షన్ ఇంకెవరూ నేర్పక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్ మనం ఇచ్చిన సర్క్యూట్‌నే సాధిస్తుంది, మన మనసులో ఉన్నదాన్ని కాదు. మెగా ఓమ్ అనుకుని విలువ పక్కన ‘ఎం’ ఒక్కటే రాస్తే స్పైస్ దాన్ని మిల్లీగా తీసుకుంటుంది. మెగాకు ‘ఎంఈజీ’ అని రాయాలి. ఇంటి సరఫరా 230 వోల్టులే కదా అని సైన్ సోర్స్‌లో 230 రాస్తే అది గరిష్ఠ విలువైపోతుంది. అక్కడ ఉండాల్సింది సుమారు 325. కాబట్టి తేడా వచ్చినప్పుడల్లా తప్పు మన చేతిలెక్కలోనే ఉందని తీర్మానించుకోకూడదు. పై లెక్కలో బ్యాటరీ ఇచ్చే 24 వాట్లు, మూడు రెసిస్టర్లలో ఖర్చయ్యే వాట్ల మొత్తం సమానమేనా అని చేత్తో కూడి చూస్తే, ఏది నమ్మాలో తేలిపోతుంది.

జవాబు ముందే చూసి దానికి తగ్గట్టు మెట్లు అల్లితే హోంవర్క్‌కు మార్కులొస్తాయేమో గానీ, లెక్క రాదు. అందుకే ఇంజినీరింగ్ చదివే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. ముందు కాగితం మీద పూర్తిచేయండి, తర్వాతే రన్ నొక్కండి. రెండు జవాబులూ కలవకపోతే మీది చెరిపేయకండి. ఏ నోడ్ దగ్గర విడిపోయాయో వెతకండి. మీకు సర్క్యూట్లు నేర్పేది ఆ వెతుకులాటే.