ప్రత్యక్షం, అనుమానం, టైరులోని వాయువు

ఒక విషయం తెలిసినదని చెప్పే ముందు, అది ఏ ప్రమాణం చేత తెలిసినదో చెప్పవలెనని మన శాస్త్రకారుల నియమం. కంటితో చూచినదా, హేతువును బట్టి ఊహించినదా, ఆప్తులు చెప్పగా విన్నదా? కారు మీటరు తెరపై వెలిగే చిన్న పసుపు దీపం విషయంలో కూడ ఈ ప్రశ్న వేసుకొనక తప్పదని నాకు పోలవరంలో వాహనపూజలు చేయగా చేయగా బోధపడినది.

ఆ దీపం అడుగున పళ్లున్న గిన్నెవలె ఉంటుంది, నడుమ ఆశ్చర్యార్థకం. టైరులో గాలి తగ్గినదని దాని అర్థం. పూజ చేయించుకొని వెళ్లిన మూడవ వారమే ఒక యువకుడు తిరిగివచ్చి, "పంతులుగారూ, నిమ్మకాయలు సరిగానే తొక్కించాము కదా, ఈ దీపమేమిటి? దిష్టి తగిలిందా?" అని అడిగాడు. పంక్చర్ షాపుకు పంపాను. "దిష్టి కాదండీ, మేకు" అని సాయంకాలం ఫోను చేశాడు. పూజ దైవానుగ్రహాన్ని కోరే కర్మ. గాలి నింపడం మన కర్తవ్యం. ఒకటి చేసినంత మాత్రాన రెండవది తీరదు.

ఈ హెచ్చరిక వ్యవస్థలు రెండు విధాలు. మొదటిది ప్రత్యక్షం వంటిది. ప్రతి చక్రం లోపల, సాధారణంగా వాల్వును అంటిపెట్టుకొని, ఒక చిన్న సెన్సరు ఉంటుంది. అది టైరులోని పీడనాన్ని స్వయంగా కొలిచి రేడియో తరంగాల ద్వారా కారుకు తెలుపుతుంది. అనేక వాహనాలలో ఏ చక్రంలో ఎంత ఉన్నదో అంకెలతో సహా తెరపై కనబడుతుంది.

రెండవది కేవలం అనుమానం. చక్రంలో సెన్సరు ఉండదు. గాలి తగ్గిన టైరు కొంచెం నలిగి, దాని వ్యాసార్ధం స్వల్పంగా తగ్గుతుంది; కనుక అది తక్కిన మూడింటికన్నా కాస్త వేగంగా తిరుగుతుంది. ఏబీఎస్ బ్రేకుల కోసం అమర్చిన పరికరాలే ఆ భేదాన్ని కనిపెడతాయి. పొగను చూచి పర్వతం మీద అగ్ని ఉన్నదని నిశ్చయించడం వంటిదే ఇది. అయితే నాలుగు టైర్లలోను గాలి నెమ్మదిగా, సమానంగా తగ్గితే? భేదమే లేదు కనుక హేతువు లేదు. హేతువు లేనిచోట అనుమానం మూగది. శివరాత్రికి పట్టిసం వచ్చిన మా బావమరిది కారుకు ఈ రెండవ రకమే ఉన్నది. పడవ ఎక్కి వీరభద్రస్వామి దర్శనానికి వెళ్లే ముందు గట్టు మీద గేజి పెట్టి చూస్తే, 33 ఉండవలసిన చోట నాలుగింటిలోను 25 పీఎస్‌ఐ. దీపం మాత్రం వెలగలేదు.

ఈ రకంలో మరొక చిక్కు కూడ ఉన్నది. గాలి నింపిన తరువాత సెట్ బటను నొక్కి, "ఇదే సరైన స్థితి" అని వ్యవస్థకు నేర్పవలెను. కొందరు గాలి నింపకుండానే, దీపం ఆరిపోతే చాలునని ఆ బటను నొక్కుతారు. అప్పుడు అది లోపాన్నే ప్రమాణంగా స్వీకరిస్తుంది. తప్పు పాఠం నేర్చిన శిష్యుడు ఆ పాఠాన్ని ఎంత శ్రద్ధగా వల్లిస్తే అంత కీడు.

ఎండాకాలంలో గాలి తక్కువ పెట్టించవలెనని మన ప్రాంతంలో ఒక గాఢమైన నమ్మకం. ఇది సరికాదని ఖండితంగా చెప్పగలను. గాలి తక్కువైన టైరు పక్కభాగం ప్రతి చుట్టులోను అధికంగా వంగుతుంది. ఆ వంగుడువల్లనే వేడి పుడుతుంది. ఆ వేడికి రబ్బరు సడలి, వేగంలో పగిలిపోవచ్చు. వైశాఖ జ్యేష్ఠాలలో రాజమహేంద్రవరం వైపు రహదారి ఎంత కాలుతుందో మీకు తెలియనిది కాదు. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక చీటీ ఉంటుంది. దానిమీది అంకె చల్లని టైరుకు చెప్పినది, అన్ని ఋతువులకూ అదే. బండి నిలిపి మూడు గంటలైనా గడచిన తరువాత కొలవవలెను. వేడిమీద పెరిగిన పీడనాన్ని చూచి గాలి వదిలితే, చల్లారిన తరువాత అది తక్కువైపోతుంది.

పుష్యమాసపు వేకువలో దీపం వెలిగి, మధ్యాహ్నానికి ఆరిపోతే యంత్రం అబద్ధమాడినదని అనుకొనరాదు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే పీడనం సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ తగ్గుతుంది. ఆ కొద్దిపాటికే దీపం వెలిగినదంటే టైరు అప్పటికే అంచున ఉన్నదన్నమాట. అమెరికా నియమం ప్రకారం పీడనం నాలుగవ వంతు తగ్గితే దీపం వెలగవలెను. అనగా 33 కాస్తా 25 దాకా జారేవరకు అది ఊరకుండవచ్చు. టైర్లు విచ్ఛిన్నమై కార్లు బోల్తాపడి అనేకులు మరణించిన తరువాత 2000లో అక్కడ చేసిన చట్టం నుండి పుట్టిన నియమం అది. దీపం కడపటి హెచ్చరిక మాత్రమే. నెలకొకసారి గేజి పెట్టి చూడవలసిన పని మనకు తప్పదు.

గత వైశాఖంలో మా తల్లిగారిని రాజమహేంద్రవరం ఆసుపత్రి నుండి ఇంటికి తీసుకొని వస్తున్నాము. శస్త్రచికిత్స జరిగి అయిదు రోజులే అయినది. ఆమెకు ఎనభై రెండేళ్లు. గోదావరి దాటి, కొవ్వూరు విడిచి, తాళ్లపూడి సమీపిస్తుండగా దీపం వెలిగింది. మాది సెన్సర్లున్న కారు. కుడి వెనుక చక్రం 29. పది నిమిషాల్లో 26. ఆ అంకెకన్న అది జారుతున్న వేగమే మాకు ముఖ్యమైనది. రోజుకు ఒకటి తగ్గుతుంటే ఇల్లు చేరవచ్చు; పది నిమిషాలకు మూడు తగ్గుతుంటే నిలపవలసినదే. కుమారుడు వేగం తగ్గించి ఒక పంక్చర్ షాపు ముందు ఆపాడు. అమ్మను బల్ల మీద కూర్చోబెట్టి తడిగుడ్డ ఇచ్చాము. షాపతను బొటనవేలంత స్క్రూను బయటకు లాగాడు. "ఇంతదాన్ని లోపల పెట్టుకుని అది ఇంతదూరం మోసిందా నన్ను?" అన్నది అమ్మ, టైరును చూచి.

2020లో మన కేంద్ర మోటారు వాహన నియమాలను సవరించారు. ట్యూబ్‌లెస్ టైర్లు, ఈ హెచ్చరిక వ్యవస్థ, మరమ్మతు సామగ్రి ఉన్న కార్లకు ఇక స్టెప్నీ తప్పనిసరి కాదు. స్టెప్నీ లేని కారులో పాపికొండల వైపు ఏజెన్సీ గ్రామాలకు వెళ్లేవారికి దీపం వెలిగినప్పుడు వెంటనే ఆగడం తప్ప వేరే ఆధారం తక్కువ. పంక్చరుకు పోసే ద్రవం కొన్ని సెన్సర్లను పాడుచేస్తుంది; వాడితే తరువాత టైరు విప్పినప్పుడు శుభ్రం చేయించవలెను. వాల్వుకు ప్లాస్టిక్ క్యాపే మేలు. లోహపు క్యాపు తుప్పుతో వాల్వుకు అతుక్కుపోతే, విప్పబోయినప్పుడు వాల్వే విరుగుతుంది.

సెన్సరులోని బ్యాటరీ ఆయుర్దాయం అయిదు నుండి పది సంవత్సరాలు. సాధారణంగా దానిని విడిగా మార్చలేము. సెన్సరునే మార్చి, కారుకు దానిని పరిచయం చేయవలెను. దీపం స్థిరంగా వెలిగితే గాలి తక్కువని. బండి తీయగానే సుమారు ఒక నిమిషం పాటు మినుకుమినుకుమని పిదప స్థిరపడితే, వ్యవస్థలోనే దోషమున్నదని. మా కారు ఎడమ వెనుక చక్రానికి సంబంధించి పది రోజులుగా ఇట్లే మినుకుతున్నది. కొత్త సెన్సరు ఏలూరు నుండి రావలెను. అంతవరకు నా పూజాసామగ్రి సంచిలో గంట పక్కన గేజి ఉంటున్నది.