క్రియాటినిన్ చెప్పని సంగతి

మాది ఉద్దానం, సోంపేట దగ్గర. మా వైపు ఎవరికైనా కాళ్ళు వాచాయంటే జనం రెండో మాట అడగరు, కిడ్నీయే అనుకుంటారు. నాన్న డయాలసిస్ మీద ఉండి పోయినప్పుడు ఊరంతా "ఆ జబ్బే" అంది. మేమూ అదే అనుకున్నాం. మా వైపు ఇందరి కిడ్నీలు పాడవడానికి నీళ్ళ మీద అనుమానం, పురుగుమందుల మీద అనుమానం. ఎందరు వచ్చి నమూనాలు పట్టుకెళ్ళినా కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు.

నాకు 34వ ఏట బీపీ వచ్చింది. నడుముకి ఒక పక్క బరువు, నొప్పి. రక్తపరీక్షలో క్రియాటినిన్ 0.9. దగ్గర్లో చూపించుకుంటే "కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయి, గ్యాసమ్మా" అని పంపేశారు. నొప్పి తగ్గక విశాఖ వెళ్ళాం. అల్ట్రాసౌండ్ చేస్తున్నామె తెర మీంచి చూపు తిప్పకుండా "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అంది. రెండు కిడ్నీల నిండా నీటి తిత్తులే. పాలిసిస్టిక్ కిడ్నీ. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశం.

"నీక్కూడా మనూరి జబ్బేనటే?" అంది అమ్మ ఫోనులో. కాదన్నాను. ఆ జబ్బులో కిడ్నీలు కుంచించుకుపోతాయి, నావి ఉబ్బుతున్నాయి. నాన్న పాత స్కాన్ కాగితం ట్రంకుపెట్టెలోంచి తీయిస్తే అందులోనూ సిస్టులనే రాసి ఉంది. అన్నేళ్ళూ ఆ ముక్క మాకు విడమర్చి చెప్పిన వాళ్ళు లేరు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

"క్రియాటినిన్ బాగుంది కదండీ" అన్నాను కిడ్నీ డాక్టరుగారితో. తిత్తులు కొంత కిడ్నీని నొక్కి పాడుచేస్తుంటే, మిగిలిన భాగం ఆ పని కూడా నెత్తినేసుకుంటుందట. అందుకే ఏళ్ళ తరబడి రక్తపరీక్షలో తేడా కనిపించదు. కనిపించేసరికి చాలా పోయుంటుంది. "ఎమ్మారై తీసి కిడ్నీల పరిమాణం కొలుద్దాం" అన్నారాయన.

ఒంటి మీద లోహం ఉండకూడదన్నారు. పుస్తెలు, మెట్టెలు అత్తయ్య చేతిలో పెట్టి, పసుపుకొమ్ము తాడు కట్టుకుని లోపలికెళ్ళాను. కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తామని స్కానింగ్ సెంటరువాళ్ళు పట్టుబట్టారు. వద్దని డాక్టరుగారు చీటీలో ముందే రాశారు. పరిమాణం కొలవడానికి దాంతో పనిలేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళలో పాతరకం గాడోలినియం కాంట్రాస్ట్ మందులు చర్మం బిగుసుకుపోయే జబ్బు తెస్తున్నాయని 2006లో బయటపడింది కూడా.

పొట్ట మీద కాయిల్ పెట్టి పట్టీలు బిగించారు. వెల్లకిలా పడుకోవడమే నాకు నరకం, ఉబ్బిన కిడ్నీలు వీపుకి ఒత్తుకునేవి. శ్వాసతో పాటు కిడ్నీలు పైకీ కిందకీ కదులుతాయి కాబట్టి ఊపిరి బిగపట్టాలి. "గాలి వదలండి, ఆపండి" అని చెవిలో గొంతు, వెంటనే రేకుల మీద సుత్తి వేసినట్టు మోత. పదిహేను, ఇరవై సెకన్లే అంటారు గానీ నొప్పిలో అవి గడవవు. నేను ముందే ఊపిరి తీసేస్తే బొమ్మ చెదిరిపోయేది, మళ్ళీ మొదలు. ఒకసారి, తట్టుకోలేకపోతే నొక్కమని చేతికిచ్చిన రబ్బరు బుడ్డి గట్టిగా నొక్కేశాను. బయటికి లాగారు. ఏడ్చాను. మంచినీళ్ళు తాగి మళ్ళీ పడుకున్నాను, ఎందుకంటే ఆ లెక్క నాకు కావాలి.

లెక్క 1500 మిల్లీలీటర్లు. మామూలుగా రెండు కిడ్నీలూ కలిపినా 400కి అటూ ఇటుగానే ఉంటాయి. నా ఎత్తుకీ వయసుకీ సరిచూసి 1డి తరగతి అన్నారు. అంటే కిడ్నీలు ఏటా నాలుగున్నర నుంచి ఆరు శాతం పెరిగే బాపతు. అమెరికాలో 241 మందికి ఏటేటా ఎమ్మారై తీసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, 1500 దాటినవాళ్ళలో వడపోత శక్తి పడిపోతూ వచ్చింది. నేను సరిగ్గా ఆ గీత మీదున్నాను. క్రియాటినిన్ అప్పటికీ 0.9 అనే చెబుతోంది!

ఆ స్కాన్ నా కిడ్నీల పనితీరును కొలవలేదు, అది ఎటు పోతోందో చెప్పింది. నా మట్టుకు నాకు అదే ఎక్కువ. బీపీ మాత్రతో పాటు టోల్వాప్టాన్ మొదలుపెట్టారు. ఆ మందుతో పెరుగుదల నెమ్మదిస్తుందే గానీ ఆగదు. దాహం, రాత్రంతా బాత్రూముకి తిరగడం, లివర్ పాడవుతోందేమోనని నెలనెలా రక్తపరీక్ష. ఖర్చు సంగతి చెప్పక్కర్లేదు.

తమ్ముడు అల్ట్రాసౌండ్ చేయించుకున్నాడు, వాడికి లేదు. అన్నయ్య "నాకేం నొప్పి లేదు" అంటూ వాయిదా వేస్తున్నాడు. మీ ఇంట్లో ఒకరికి పాలిసిస్టిక్ అని తేలితే మిగతా తోబుట్టువులు నొప్పి కోసం, క్రియాటినిన్ కోసం ఆగకండి. ముందు బీపీ చూపించుకుని, పొట్ట అల్ట్రాసౌండ్ చేయించుకోండి. ఎమ్మారై ఆ తర్వాతి మాట.