థెరపీ ఎవరికి పనిచేస్తుంది?



ఆందోళన జబ్బులకి మాటలతో చేసే వైద్యం ఒకటుంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, పొట్టిగా సీబీటీ అంటారు. భయపెట్టే ఆలోచనని బయటికి తీసి పరీక్షించడం, తప్పించుకు తిరిగే చోటికే కొద్దికొద్దిగా వెళ్లి నిలబడడం నేర్పుతారు. ఇది ఉత్త కబుర్లు కాదు, ఎన్నో పరీక్షలకి నిలబడిన చికిత్స. అయినా చేయించుకున్నవాళ్లలో సుమారు సగం మందికే చెప్పుకోదగ్గ గుణం కనిపిస్తుంది. ఆ సగంలో ఎవరుంటారో ముందే చెప్పగలమా?

2013లో అమెరికా పరిశోధకులు ఒక ప్రయత్నం అచ్చేశారు. నలుగురిలోకి వెళ్లాలంటే వణికే 39 మందికి థెరపీకి ముందు మెదడు స్కాన్ తీసి, కోపంగా ఉన్న ముఖాల ఫొటోలు చూపించారు. చూపుకి సంబంధించిన మెదడు భాగాలు ఎక్కువగా స్పందించినవాళ్లకే తర్వాత గుణం ఎక్కువ కనిపించింది. అధ్యయనం చిన్నదే, ప్రశ్న మాత్రం పెద్దది.

కోపంగా ఉన్న ముఖం! మన వాడల్లో అది ఫొటో కాదు. చీపురుపల్లికి ఎంతో దూరం లేని లక్షింపేటలో 2012 జూన్ 12న భూమి గొడవలో ఐదుగురు దళితుల్ని చంపేశారు. అలాంటి ఊళ్లో చీకటి పడితే దడ పుట్టే తల్లిని "నీ భయానికి ఆధారం ఏమిటి?" అనడిగితే, ఆధారం ఎఫ్ఐఆర్‌లోనే ఉంది.

మా పెద్దక్క కూతురు చీపురుపల్లిలో డిగ్రీ చదివింది. ఇంటర్వ్యూ అంటే చెమటలు. "మావయ్యా, పేరు సెప్తే సాలదు, ఇంటిపేరడుగుతారు. అక్కడే ఊపిరాడదు" అంది. విశాఖలో ఒక కౌన్సిలర్ దగ్గరికి వారానికోసారి, పన్నెండు వారాలు రమ్మన్నారు. తోడెళ్లే అక్కకి వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోయేది, రైలు ఛార్జీలు అదనం. పైగా ఆ కౌన్సిలర్ "కులం గురించి ఎక్కువ ఆలోచిస్తున్నావు" అన్నారట. మూడో వారం మానేసింది. ఫైల్లో ఏం రాసుంటారు? పేషెంటు సహకరించలేదని!

రెండో కౌన్సిలర్ ముందు విన్నారు. ఏది నిజమైన ప్రమాదమో, ఏది భయం పెంచి చూపిస్తోందో పిల్ల చేతే రెండు వరసల్లో రాయించారు. ఊరు, పేట, ఇంటిపేరు గట్టిగా చెప్పడం సాధన చేయించారు. సగం కలయికలు ఫోన్లోనే. పన్నెండూ పూర్తయ్యాయి. ఉద్యోగం ఇంకా రాలేదు, చేతులు ఇప్పటికీ వణుకుతాయి. కానీ ఇంటర్వ్యూ గదిలోంచి లేచి వచ్చేయడం లేదు.

పిల్ల అదే, మెదడూ అదే. మారింది వైద్యం చేసిన తీరు.

స్కాన్ లేకుండానే పరిశోధకులు గమనించిన సంగతులున్నాయి: చికిత్స మీద నమ్మకం, థెరపిస్టుతో కుదిరే బంధం, ఇంటి దగ్గర చేసే అభ్యాసం. ఒక్క గది ఇంట్లో అభ్యాసం ఎక్కడ చేస్తాం? కులాన్ని కొట్టిపారేసే మనిషితో బంధం ఎలా కుదురుతుంది? ఇవి కూడా లెక్కలోకి రావాలి.

ఇప్పుడు ఈ అంచనా పని కంప్యూటర్లకి నేర్పుతున్నారు. కంప్యూటర్ నేర్చుకునేది చికిత్స దాకా వచ్చినవాళ్ల నుంచే. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో సాధారణ మానసిక సమస్యలున్న వందలో సుమారు 85 మందికి చికిత్సే అందడం లేదు. ఆ లెక్కల్లో లేనివాళ్ల గురించి కంప్యూటర్ ఏం చెబుతుంది?

"వీడికి చదువు రాదు" అనే జోస్యం బడిలోనే విన్నవాళ్లం. రేపు "ఈమెకి థెరపీ పనిచేయదు" అని మిషన్ చెబితే, దాన్ని తలుపు మూయడానికి వాడనివ్వకూడదు. ఎవరికి ఇంకొంత సాయం, ఇంకో పద్ధతి కావాలో తెలుసుకోవడానికే అంచనా ఉండాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కులవివక్ష లేని వైద్యాన్ని హక్కుగా రాసింది. టెలీ మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఒక కౌన్సిలర్ కుదరకపోతే ఇంకొకర్ని అడగండి. మూడో వారంలో మానేసిన స్నేహితులుంటే, నాలుగో వారం తోడెళ్లండి. అదీ ఉద్యమమే.

జై భీమ్.