పేరు రాయని గడి

ప్రభుత్వ ఫారాల్లో నాకు నచ్చిన గడి ఒకటే ఒకటి. జనన నమోదు పత్రంలో బిడ్డ పేరు కోసం వదిలిన గడి. దాన్ని ఖాళీగా వదిలేసినా పుట్టుక పుట్టుకే, నమోదు నమోదే. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 14వ సెక్షన్‌లో ఈ వెసులుబాటు ఉంది. ముందు బిడ్డ పుట్టిన కబురు చెప్పండి, పేరు నిదానంగా ఆలోచించుకోండి అన్నట్టు. 12 నెలల లోపు వెళ్తే పైసా తీసుకోకుండా పేరు చేరుస్తారు. ఆ తర్వాత ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్ల వరకూ చేర్పించుకోవచ్చు. పుట్టుక కబురు అందించడానికి మాత్రం 21 రోజులే గడువు. ఇరవయ్యొకటో రోజున బారసాల చేసుకునే మైదానపు ఇళ్లకు ఈ లెక్క ఎవరో ముహూర్తం చూసి పెట్టినట్టే ఉంటుంది.

అరకు దగ్గరి డుంబ్రిగుడ కొండల్లో పేరుకు ముహూర్తం వెతకాల్సిన పని ఉండేది కాదు. పుట్టిన వారమే పేరు. సోమవారం పుడితే సోమ్రా, మంగళవారం మంగ్లా, బుధవారం బుద్రు, ఆడపిల్లయితే బుద్రి. లక్ష్మివారం పుట్టిన పిల్ల గురుబారి, శుక్రవారం పుట్టిన పిల్ల సుక్రి. ఆదివాసీ ఒడియా మాట్లాడే ఊళ్లలో పెద్దవాళ్ల పేర్లు వింటూ పోతే వారం మొత్తం తిరిగొస్తుంది. ఒకే ఊళ్లో ఇద్దరు సోమ్రాలుంటే ఒకడు బొడో సోమ్రా, ఇంకొకడు సానో సోమ్రా. పెద్ద, చిన్న అన్నమాట. పేచీ అక్కడితో తీరిపోయేది.

ఈ పద్ధతిలో ఒక తమాషా ఉంది. ఆ తరం బడికి వెళ్లినప్పుడు పంతులుగారు పుట్టిన తేదీ అడిగితే ఇంట్లో ఎవరికీ తెలియదు. చెయ్యి తల మీదుగా తిప్పి అవతలి చెవి అందుకోమనేవారు. అందితే అయిదేళ్లు నిండినట్టు. ఏడాది, నెల, తేదీ మూడూ అంచనాలే. రిజిస్టర్‌లో ఆ వరుస మొత్తానికి నిజమైన వివరం ఒక్కటే, వారం. అది తేదీ గడిలో లేదు, పేరు గడిలో ఉంది. ఇప్పుడు అరకులోయ ఏరియా ఆసుపత్రిలో పుట్టే బిడ్డకు కాన్పు జరిగిన వేళ కూడా నిమిషాలతో సహా కేసు షీటులో ఉంటుంది. పేరు మాత్రం ఏ వారానికీ చెందదు. టీవీ సీరియల్ నుంచి రావచ్చు, బైబిల్ నుంచి రావచ్చు, మొబైల్‌లో వెతికితే దొరికినదీ కావచ్చు. అందులో తప్పేమీ లేదు. కొత్త పేరు మీద మోజు పడే హక్కు పట్నం వాళ్లకొక్కళ్లకే రాసివ్వలేదుగా.

అయితే ఎంచుకున్న పేరుకు ఎవరి ఆమోదమో కావాలన్న ఆలోచన కూడా కొండకు కొత్తదేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో కోందు తెగ వాళ్ల మధ్య పనిచేసిన మెక్‌ఫర్సన్ అనే అధికారి రాసిపెట్టిన పద్ధతి ఒకటుంది. పుట్టిన ఏడో రోజున పూజారి ఒక గిన్నెడు నీళ్లలో బియ్యపు గింజలు వదులుతాడు. ఒక్కో గింజకు చనిపోయిన పెద్దల్లో ఒకరి పేరు. గింజ కదిలే తీరు చూసి, బిడ్డ ఒంటిని పరకాయించి, ఏ తాత తిరిగొచ్చాడో తేలుస్తాడు. బిడ్డకు చాలావరకు ఆ తాత పేరే. అంటే పేరు మంజూరు చేసేది పోయినవాళ్లు. ఫైలు నడిపేది పూజారి.

బతికున్నవాళ్లు మంజూరు చేసే దేశాలూ ఉన్నాయి. ఐస్‌లాండ్‌లో 1991 నుంచి పేర్లకు ప్రత్యేకంగా ఒక కమిటీ ఉంది. జాబితాలో లేని పేరు పెట్టాలంటే దాని ముందుకు వెళ్లాలి. ఆ పేరు వాళ్ల వ్యాకరణంలో విభక్తులకు లొంగుతుందా అన్నది కూడా చూస్తారు. ఫ్రాన్స్‌లో 1803లో వచ్చిన చట్టం క్యాలెండర్లలోని పేర్లు, ప్రాచీన చరిత్రలో ప్రసిద్ధుల పేర్లు తప్ప మరేవీ రాయొద్దంది. ఆ పట్టు పూర్తిగా సడలింది 1993లో. మొరాకోలో అమాజిగ్ తెగల వాళ్లు తమ భాషలో పేరు పెడితే అధికారులు రాయడానికి నిరాకరించిన సందర్భాలున్నాయి. 2010లో అక్కడి హోంశాఖ సర్క్యులర్ ఇస్తే తప్ప ఆ పేర్లూ పేర్లేనని తేలలేదు.

మనకు అలాంటి జాబితా లేదు. బుద్రి అని రాయొద్దని ఏ నిబంధనా చెప్పదు. మన దగ్గర పేరు కాగితం మీదికి ఎక్కేదాకా చేతులు మారుతుంది. తల్లి చెప్పింది ఆశా కార్యకర్త వింటుంది, ఆమె చెప్పింది ఇంకొకరు టైపు చేస్తారు, పంచాయతీ కార్యదర్శి సంతకం పెడతారు. తల్లిది ఒడియా యాస, వినేవాళ్లది తెలుగు చెవి, కీబోర్డుది ఇంగ్లిషు స్పెల్లింగు. ఇంటిపేర్ల సంగతి మరీ సున్నితం. కిల్లో అంటే పులి, కొర్రా అంటే సూర్యుడు, వంతల అంటే పాము, గొల్లోరి అంటే కోతి. అన్నీ వంశపు గుర్తులు, పెళ్లి సంబంధాలు చూసేది వీటిని బట్టే. కిల్లోలో ఒక్క ఒత్తు జారిందంటే పులి కాస్తా తూకం రాయి అయి కూర్చుంటుంది. ఆధార్‌లో ఒకటి, కుల ధ్రువపత్రంలో ఒకటి, బ్యాంకు పుస్తకంలో మరొకటి అయితే తల్లికి వందనం పథకం డబ్బులు ఎక్కడో ఆగుతాయి. మనిషి ఒక్కరేనని రుజువు చేసుకునే భారం మాత్రం ఆ మనిషిదే.

చట్టం ఇచ్చిన ఏడాది గడువు కూడా ఆచరణలో కుంచించుకుపోతోంది. సవరించిన చట్టం 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి పుట్టినవాళ్లకు బడి ప్రవేశం, ఆధార్, ఓటు, పాస్‌పోర్టు అన్నిటికీ పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువపత్రమే. ఖాళీ గడితో ఎన్నాళ్లని తిరుగుతారు? అదే ఏడాది కేరళలో ఒక పాప సర్టిఫికెట్‌లో పేరు లేదని బడివాళ్లు తీసుకోలేదు. విడిగా ఉంటున్న తల్లిదండ్రులకు ఒక పేరు మీద కుదరలేదు. చివరికి హైకోర్టు తానే పెద్దరికం వహించి పేరు పెట్టింది. తొందరపడి రాయించేశాక మార్చడమూ తేలిక కాదు. 15వ సెక్షన్ తప్పులు దిద్దడానికే గానీ మనసు మార్చుకున్నవాళ్ల కోసం కాదు.

డుంబ్రిగుడ ఇప్పుడున్న జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టింది 2022లో. జనవరిలో ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలుంటే చెప్పమని నెల గడువిచ్చి, ఏప్రిల్ 4న ఖాయం చేశారు. పసిబిడ్డ పేరుకు ముసాయిదా లేదు. టైపు చేసింది తల్లికి ఒక్కసారి పైకి చదివి వినిపించి, ఇదేనామ్మా అని అడిగే పనిని కూడా ఏ ఫారమూ ఎవరికీ అప్పగించలేదు.

ఆ ప్రశ్న వచ్చేది పదో తరగతిలో. పరీక్షలకు నామినల్ రోల్స్ పంపే ముందు హెడ్మాస్టరు ఒక్కొక్కరినీ పిలిచి, ఇంటిపేరు, పేరు, స్పెల్లింగు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టమంటారు. ఇక్కడ ఏముంటే జీవితాంతం అదేనని హెచ్చరిస్తారు కూడా. అప్పటికి పిల్లకు పదిహేనేళ్లు, రిజిస్టర్‌లో పేరు చేర్చుకునే గడువు కూడా దాదాపు అక్కడితోనే సరి. నీ పేరు ఎలా రాయాలమ్మా అని ఆ పిల్లను అడగడం అదే మొదటిసారి.