ఎవరి గానుగ నూనె?

హ్యూస్టన్ శివారులోని ఆ ఇంటి ముంగిట కారు ముందు చక్రాలను ర్యాంపుల పైకి ఎక్కించి, కింద పళ్ళెం ఉంచి, కొడుకు పాత ఇంజన్ ఆయిల్ దించుతున్నాడు. తండ్రి పక్కనే కుర్చీ వేసుకొని చూస్తున్నారు. ఆయన కోనసీమలో బడిపంతులుగా జీవితమంతా గడిపి, ఈ మధ్యనే కొడుకును చూడవచ్చిన మనిషి. దగ్గర ఉన్న కొత్త డబ్బా మీద ఏ చమురు కంపెనీ పేరూ లేదు. అమ్మిన దుకాణం పేరే ఉన్నది. ఆయన దానిని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది ఎవరి గానుగలోదిరా అబ్బాయీ?” అని అడిగారు.

కొడుకు బదులు చెప్పలేకపోయాడు. చమురు విషయంలో తనకొక నియమం ఉన్నదని మిత్రులతో ఏళ్ళ తరబడి చెప్పుకొంటున్న వాడతడు.

ఆ నియమానికి మూలం బాల్యంలోనే ఉన్నది. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద చమురు సంస్థ తవ్వుతున్న బావి పేలి నిప్పంటుకున్నది. అరవై అయిదు రోజులు ఆరలేదు. రాత్రివేళ కొబ్బరితోటల మీద పరచుకొన్న ఆ ఎర్రని వెలుగును, మూటాముల్లె సర్దుకొని ఊళ్ళు విడిచిన వారిని, పదకొండేళ్ళ పిల్లవాడుగా అతడు చూశాడు. తరువాత అమెరికాలో చదువుకొనే రోజుల్లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ కథ తెలిసింది. 1989 మార్చి 24న అలాస్కా తీరాన ఆ ఓడ రాతి దిబ్బను ఢీకొని, దాదాపు కోటి పది లక్షల గ్యాలన్ల ముడిచమురు సముద్రం పాలయింది. 1994లో జూరీ శిక్షగా విధించిన 500 కోట్ల డాలర్ల పరిహారాన్ని 2008లో సుప్రీంకోర్టు సుమారు 50 కోట్లకు కుదించింది. అది చదివిన నాడే, ఆ కంపెనీ చమురు తన బండిలో పోయరాదని నిశ్చయించుకొన్నాడు. దుకాణం సొంత పేరుతో అమ్మే నూనె చూడగానే అతనికి ప్రాణం లేచివచ్చింది: ధర తక్కువ, కంపెనీ పేరు లేదు, నియమానికి భంగం లేదు. ఇంత చౌకగా దక్కిన నియమాన్ని ఒకసారి అనుమానించి ఉండవలసింది.

తండ్రి ప్రశ్న విన్నాక చేతులు తుడుచుకొని వెతకడం ప్రారంభించాడు. డబ్బా వెనుక అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి వలయాకారపు ముద్ర ఉన్నది. అది నూనె ఏ ప్రమాణానికి తగినదో చెబుతుంది, లైసెన్సు ఎవరిదో వెదకి పట్టుకొనే దారి చూపుతుంది. కాని లైసెన్సు ఉన్నవాడు నూనె కలిపి డబ్బాల్లో నింపేవాడు మాత్రమే కావచ్చు. ఇంజన్ ఆయిల్‌లో నూటికి డెబ్బై అయిదు పాళ్ళకు పైగా ఉండేది బేస్ ఆయిల్. దానిని తీసేవి పెద్ద రిఫైనరీలు. కలిపేవాడు ఈ నెల ఒకరి దగ్గర, వచ్చే నెల మరొకరి దగ్గర కొనవచ్చు. మిగిలినది రసాయనాల మిశ్రమం. ఆ వ్యాపారం చాలావరకు నాలుగు సంస్థల చేతిలో ఉన్నది: లూబ్రిజాల్, ఆఫ్టన్, షెవ్రాన్ ఒరోనైట్, ఇన్ఫినియం. ఇన్ఫినియం మరెవరిదో కాదు, ఎక్సాన్, షెల్ కంపెనీలు కలిసి నెలకొల్పుకొన్నది. ఏళ్ళుగా వాకిట్లోనే ఆపాననుకొన్న అతిథి పెరటి గుమ్మం గుండా వస్తూనే ఉండవచ్చు! వచ్చాడో లేదో డబ్బా చెప్పదు.

“మన ఊళ్ళో అయితే గానుగవాడు కల్తీ చేస్తే సాయంత్రానికి ఊరంతా తెలిసేది కదండీ నాన్నగారూ” అన్నాడు దిగులుగా.

“తెలిసేది” అన్నారాయన. కొంచెం ఆగి, “అయితే ఎద్దు కళ్ళకు గంతలు కట్టి తెల్లవార్లూ తిప్పేవాడురా. దాని సంగతి మాలో ఎవరమూ అడగలేదు” అన్నారు.

ఇంజన్‌లో చుక్క నూనె లేదు. డబ్బా తిరిగి ఇచ్చివద్దామన్నా వెళ్ళడానికి ఆ కారే గతి. చివరికి తండ్రి గరాటు పట్టుకొన్నారు, కొడుకు ఆ నూనే పోశాడు.

పళ్ళెంలోని నల్లని నూనె మిగిలింది. ఒక్కసారి ఆయిల్ మార్చినప్పుడు మిగిలే వాడిన నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీటిని చెరచగలదని అమెరికా పర్యావరణ శాఖ చెబుతున్నది. శుద్ధి చేస్తే ఒక్క గ్యాలను వాడిన నూనె నుంచి రెండున్నర క్వార్టుల కొత్త కందెన వస్తుంది. ముడిచమురు నుంచి అంత తీయాలంటే నలభై రెండు గ్యాలన్లు కావాలి. ఇదివరకు ఆ క్యాన్లను గ్యారేజీ మూల వరుసగా పేర్చి, తీరిక దొరికినప్పుడు చూద్దామనుకొనేవాడు. అవి నాలుగయ్యాయి.

మరునాడు తండ్రీకొడుకులు వాటిని విడిభాగాల దుకాణానికి చేర్చారు. అక్కడి కుర్రవాడు నూనెను వెనుకనున్న పెద్ద తొట్టిలో వంపాడు. తండ్రి తొంగిచూసి, ఇది ఇక్కడి నుంచి ఎక్కడికి పోతుందో అడగమన్నారు. తనకు తెలియదనీ, గురువారం లారీ వచ్చి పట్టుకుపోతుందనీ ఆ కుర్రవాడు చెప్పాడు.

“ఎన్ని గంటలకు వస్తుందో కూడా అడుగు” అన్నారు పంతులుగారు.