సగం ఆటంటవా వదినె?

ఓ వదినె, ఒక్కపారి గోడకాడికి రా. తొక్కు గిన్నె తీసుకపోదువు గని, అసలు ముచ్చట వేరే ఉన్నది. మీ చిన్నదాన్ని మా పిల్లకు జోడిగ షటిల్ ఆడిస్తనని పీఈటీ సార్ అడిగితే వద్దన్నవట గద! ‘ఆడితే ఒక్కతే ఆడాలె, ఇద్దరాడేది సగం ఆట’ అన్నవట. బడి పోరగాళ్ల నోట్లె నువ్వుగింజ నానది, మా ఇంటిదాంక వచ్చింది. లేదనకు.

సగం ఆటనట! సానియా మీర్జా వినలే, నయమైంది.

నవ్వకు. మన కోరుట్లల టెన్నిస్ అంటే టెన్నిస్ బాలుతోని ఆడే క్రికెట్టే, నాకు ఎరుకే. అసలు టెన్నిస్ కోర్టును నేను టీవీల తప్ప కండ్లార చూడలే. అయినా ఆ పిల్ల ఆటను ముందటి నుంచి ఆఖరిదాంక ఇడ్వకుంట చూసిన. నా ఈడుదే మరి. 2005 ఫిబ్రవరిల హైదరాబాద్ ఓపెన్ గెలిచినప్పుడు నేను జగిత్యాలల డిగ్రీ చదువుతున్న. ఫైనల్ల ఉక్రెయిన్ పిల్ల అల్యోనా బొండరెంకోను మూడు సెట్లల ఓడగొట్టింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి మనదేశం ఆడిపిల్ల. మా హాస్టల్ల ఒక్కరం గూడ రాకెట్ ముట్టినోళ్లం కాదు. అయినా పేపర్ల ఆ ముక్కుపోగు, ఆ కండ్లద్దాల ఫోటో చూసి మేమే గెలిచినంత సంబురం చేసుకున్నం. ఫోటో కత్తిరిచ్చి ట్రంకు పెట్టె మూతకు అతికిచ్చుకున్నది నేనొక్కదాన్నే కాదు.

ఆ ఏడే యూఎస్ ఓపెన్ల నాలుగో రౌండుదాంక పోయి షరపోవా చేతిల ఓడింది. 2007 ఆగస్టుల సింగిల్స్ ర్యాంకు 27. మన దేశం ఆడోళ్లల ఎవ్వరు సింగిల్స్‌ల అంత మీదికి పోలే.

ఆగు, ఆగు. ‘చూసినవా, సింగిల్స్‌తోనే పేరొచ్చింది’ అని అప్పుడే గెలిచినట్టు చేతులు తిప్పకు. పేపరోళ్లు మనకు చూపెట్టింది గంతే. 2003ల వింబుల్డన్ జూనియర్ టైటిల్ గెలిచింది సూడు, అది డబుల్సే. అలీసా క్లెబనోవా అని రష్యా పిల్ల జోడి. 2004ల పెద్దోళ్ల ఆటల మొట్టమొదటి డబ్ల్యూటీఏ టైటిల్ గెలిచింది, అదీ డబుల్సే, అదీ మన హైదరాబాద్‌లనే. అప్పుడు పక్కన లీజెల్ హ్యూబర్. అంటే జోడి ఆట ఆమెకు సింగిల్స్ పోయినంక దొరికింది కాదు వదినె, సింగిల్స్ కంటే ముందుగాల్నే ఉన్నది. మనమే సూడలే. నా ట్రంకు పెట్టె మీద గూడ సింగిల్స్ ఫోటోనే ఉండె.

తర్వాత చెయ్యి చెడ్డది. కుడిచేతి మణికట్టు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌ల మొదటి మ్యాచే నడుమల ఆపి బయటికొచ్చింది. తల దువ్వుకునుడు గూడ కష్టమైందని తనే చెప్పుకున్నది పాపం. రాకెట్‌తోనే బతికేటోళ్లకు మణికట్టు పోతే ఇంకేమున్నది? ఆపరేషన్లు ఒకటి కాదు, మూడైనయి. మోకాళ్లకు రెండు, మణికట్టుకు ఒకటి. దినాం సింగిల్స్ ఆడితే ఈ ఒళ్లు తట్టుకోదని ఎరికై, 2013 వచ్చేసరికి సింగిల్స్ ఇడ్సిపెట్టింది. అప్పుడు మా ఆయన గూడ గదే అన్నడు, ‘అయిపోయింది, ఇగ డబుల్స్ ఆడుకుంట గడుపుతది’ అని. అప్పటికే మహేశ్ భూపతితోని రెండు గ్రాండ్‌స్లామ్ మిక్స్‌డ్ డబుల్స్ గెలిచి ఉన్నది. 2009ల ఆస్ట్రేలియన్ ఓపెన్, 2012ల ఫ్రెంచ్ ఓపెన్. భూపతి వాళ్ల నాయిన కృష్ణ భూపతి దగ్గరనే చిన్నప్పుడు ఆట నేర్చుకున్నది గూడ. గని మనోళ్లకు అది లెక్కల రాదు.

ఒక మాట అడుగుత, చెప్పు. మీ పుట్టింట్ల, సిరిసిల్లల, మీ తమ్ముడు సాంచాలు నడుపుతడు. మీ మరదలు కండెలు చుడ్తది. కండె లేకపోతే సాంచ మీద బట్ట దిగుతదా? మరి కూలి దగ్గరికొచ్చేసరికి కండెలు చుట్టినామెకు ఎంతిస్తరో నాకంటె నీకే ఎక్కువ ఎరుక. టెన్నిస్ల గూడ గంతే. డబుల్స్‌కు పైసలు తక్కువ, టీవీల చూపెట్టుడు తక్కువ. పైసలు తక్కువిస్తున్నరని పని తక్కువంటే మీ మరదలు ఊకుంటదా?

ఇగ ఆట సంగతి విను. ఒక్కరాడితే టెన్నిస్ కోర్టు వెడల్పు 27 అడుగులు. ఇద్దరాడితే 36. పక్కకు అటు ఇటు కలుస్తది. ఇద్దరుంటె సగం సగం ఉరికితే సరిపాయె అనుకుంటవు. కాదు. అవుతలి పక్క ఒకామె నెట్ కాడనే నిలవడి ఉంటది. నువ్వు కొట్టిన బాలు నేల తాకక ముందే మల్ల నీ మొగం మీదికొస్తది. ఆలోచన చేసేంత టైం ఉండది. పక్కనున్నామె ఎటు పోతదో మాట లేకుంటనే తెల్వాలె. ఉరుకుడు, సర్వీసు సానియాకు ఎన్నడు బలం కాదు, అది అందరికి ఎరుకే. ఆమెకున్న సొత్తు ఫోర్‌హ్యాండు. గా దెబ్బకు పెద్ద పెద్దోళ్లు జడిసేది. అందుకే కోర్టుల కుడి సగం పట్టుకున్నది. ఎడమ సగంల, నెట్ కాడ బుర్రతోని ఆడేటామె పక్కన దొరకాలె.

దొరికింది సూడు, మార్టినా హింగిస్! 16 ఏండ్లకే సింగిల్స్‌ల ప్రపంచంల నంబర్ వన్ అయిన పిల్ల. ఆట ఇడ్సిపెట్టి పోయి, మల్ల డబుల్స్ కోసమని తిరిగొచ్చింది. ముందుగాల్ల ఇద్దరు సింగిల్స్‌ల ఎదురెదురుంగ గూడ ఆడినరు. అంతకు ముందు సానియా జోడి జింబాబ్వే ఆమె కారా బ్లాక్. 2014 ఆఖరుల సింగపూర్‌ల డబ్ల్యూటీఏ ఫైనల్స్ గెలిచి ఇద్దరు మర్యాదగ విడిపోయినరు. ఆ తర్వాత తైవాన్ ఆమె సీ సు వేతోని మొదలువెట్టింది గని, కుదరలే. కుదరకపోతే నెలల తరబడి ఏడ్వలే, గులగలే. మార్చిల హింగిస్‌ను పట్టుకున్నది.

ఇగ సూడాలె! మొదటి మూడు టోర్నీలు మూడు గెలిచినరు. ఇండియన్ వెల్స్, మయామి, చార్ల్‌స్టన్. చార్ల్‌స్టన్ గెలుసుడుతోని 2015 ఏప్రిల్ 13 నాడు సానియా డబుల్స్‌ల ప్రపంచంల నంబర్ వన్. మనదేశం ఆడోళ్లల మొదటామె. డబుల్స్ ర్యాంకు జోడికియ్యరు, ఎవలది వాళ్లకే. ఆడింది ఇద్దరే గని ఎవ్వల లెక్క వాళ్లకే రాస్తరు. మల్ల సగం ఎక్కడిది?

ఆ ఏడు జులైల వింబుల్డన్ ఫైనల్ నేను బీడీల చాట ముందటవెట్టుకోని చూసిన. ఆ దినం లెక్కకు ఎన్ని కట్టలు తగ్గినయో అడగకు. అవుతల రష్యా జోడి, మకరోవా, వెస్నినా. మొదటి సెట్టు వాళ్లదే. రెండోది టైబ్రేకర్‌ల గుంజుకున్నరు. మూడో సెట్టుల 2-5 తోని ఎనుకవడ్డరు. ఇంకొక్క గేమ్ పోతే అయిపాయె. నాకు పానం మీదికొచ్చింది. గాడికెల్లి 5-5 చేసిన్రు. అప్పటికి పొద్దు గూకుతున్నది. ఆట ఆపి, స్టేడియం మీద కప్పు మూసి, లైట్లేసిన్రు. గా ఆగిన జరసేపట్ల ఎవలికైనా చేతులు సల్లవడ్తయి. వీళ్లిద్దరికి కాలే. కప్పు మూసినంక వరుసగ రెండు గేములు కొట్టి 7-5 తోని గెలిచిన్రు. కప్పు మూయకపోతే ఏమయ్యేదో అని నేను ఇప్పటికి అనుకుంట.

సెప్టెంబర్‌ల యూఎస్ ఓపెన్. తర్వాత జనవరిల ఆస్ట్రేలియన్ ఓపెన్. నడుమల ఏడికిపోతే ఆడ టైటిల్. వరుసగ 41 మ్యాచులు ఓడిపోలే వదినె! 2016 ఫిబ్రవరిల దోహాల ఓడిన్రు. ఓడగొట్టినోళ్లల ఒకామె మల్ల గా వెస్నినానే.

అయితే మంచిగున్నదల్ల ఎప్పటికి మంచిగనే ఉంటదా? గా ఆగస్టుల జోడి విడిపోయింది. ఫలితాలు అంత బాగొస్తలేవని ఎవల దారి వాళ్లు చూసుకున్నరు. విడిపోయిన రెండో వారంల, సిన్సినాటిల, ఫైనల్ ఎవలెవలికి పడ్డది అనుకుంటవు? సానియా, బార్బొరా స్ట్రికోవా ఇటు. హింగిస్, కోకో వాండవే అటు. అప్పటిదాంక నంబర్ వన్ ర్యాంకు ఇద్దరు పంచుకుంటున్నరు. సానియా గెలిచింది, ర్యాంకు ఒక్కదానిదే అయింది. గా కప్పు అందుకునేటప్పుడు ఇద్దరి మొగాలు సూడాలె! అయినా ఆ ఏడు ఆఖరుల డబ్ల్యూటీఏ ఫైనల్స్‌కు మల్ల కలిసే ఆడిన్రు. మన గల్లీల అయితే గోడ కట్టిచ్చేటోళ్లం.

జోడి కుదిరేది ఆడేటోళ్లకు ఎరుక, బయటోళ్లకు కాదు. 2012 లండన్ ఒలింపిక్స్ అప్పుడు టెన్నిస్ సంఘం పెద్దలు భూపతికి, లియాండర్ పేస్‌కు నడుమ పంచాయితి తెంపలేక, సానియాను పేస్‌తోని మిక్స్‌డ్‌ల జతవెట్టిన్రు. పేస్‌ను ఒప్పిచ్చెతందుకు నన్ను ఎరగ వాడుకున్నరని ఆమె కాగితం మీద రాసి బయటవెట్టింది. అంత పెద్ద సంఘానికి అట్ల ఎదురు రాసుడు చిన్న ముచ్చటా? ఆడుడు మాత్రం ఆడింది, క్వార్టర్ ఫైనల్‌ల పోయింది. రియోల 2016ల రోహన్ బోపన్నతోని కంచు పతకం మ్యాచ్‌దాంక పోయి నాలుగో స్థానంల ఆగిపోయిన్రు. ఒలింపిక్ పతకం ఒక్కటి లేకపాయె. నాకు గిప్పటికి ఆ ఒక్క కసి ఉన్నది.

మాటలు పడుడు గూడ ఆమెకు కొత్త కాదు. 2014 జులైల మన కొత్త రాష్ట్రానికి బ్రాండ్ అంబాసిడర్‌ను చేస్తే, పాకిస్తాన్ కోడలని ఒక నాయకుడన్నడు. ముంబైల పుట్టింది గని మూడు వారాల పసిగుడ్డప్పుడే హైదరాబాద్ వచ్చిందట. మా తాతల కాలం నుంచి ఈ ఊరే మాది, నేను చచ్చేదాంక భారతీయురాలినే అని మొగం మీద చెప్పింది. ఆ తర్వాత రెండు నెలలల్నే బ్రూనో సోరెస్‌తోని యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ గెలిచింది. అదే నెల ఇంచియాన్ ఏషియన్ గేమ్స్‌ల మన ఉయ్యూరు పిలగాడు సాకేత్ మైనేనితోని కలిసి బంగారు పతకం. జవాబంటే అట్లుండాలె.

కొడుకు పుట్టినంక 2020 జనవరిల తిరిగొచ్చి మొదటి టోర్నీనే, హోబార్ట్‌ల, గెలిచింది. ఆఖరి మ్యాచ్ మీ ఆయన ఉన్న ఊర్లనే ఆడింది. అవునే, దుబాయిలనే, 2023 ఫిబ్రవరిల. ఓడింది గని, ఇంకా ఎంతని ఆడాలె? మొత్తం 43 డబుల్స్ టైటిల్స్, ఆరు గ్రాండ్‌స్లామ్‌లు, 91 వారాలు నంబర్ వన్. మార్చిల ఎల్బీ స్టేడియంల మనోళ్ల ముందట చివరిపారి ఒక ఆట ఆడి సెలవు తీసుకున్నది. అవే ఆరు గ్రాండ్‌స్లామ్‌లు సింగిల్స్‌వైతే ఊరికొక బొమ్మ వెట్టేటోళ్లం. డబుల్సే గదా అని ఇడ్సిపెట్టినం.

షటిల్‌కు టెన్నిస్‌కు సంబంధమేందంటవా? మరి అమలాపురం పిలగాడు సాత్విక్ సాయిరాజ్ ఆడేది షటిలే గదా. చిరాగ్ శెట్టితోని జోడి కట్టి 2023ల ఏషియన్ గేమ్స్ బంగారం తెచ్చిండు, ప్రపంచ నంబర్ వన్ అయిండు. గుత్తా జ్వాల? ఆమెదీ జోడి ఆటనే.

సరే, నాకెందుకింత ఆత్రమంటే చెప్త. మా పిల్ల పొట్టిది. నెట్ కాడ పిల్లి లెక్కనే చురుకు గని, వెనకకేస్తే చెయ్యందది. మీదేమో తాటిచెట్టంత ఉన్నది, స్మాష్ కొడ్తే షటిల్ రెక్కలూడుతయి. ముందల మాది, ఎనుక మీది. పీఈటీ సార్‌కు గీ లెక్క తెలిసే అడిగిండు. సింగిల్స్‌కు జగిత్యాల పోటీలల మీ పిల్ల ఎత్తున్నోళ్లు సాలుమంది వస్తరు. గిసువంటి జోడి ఎంతమందికి ఉంటది?

ఏమంటవ్? బూట్లా? అన్న మొన్న దుబాయి నుంచి పంపినయి పెట్టెల మూలుగుతున్నయి గద, అవే తియ్యి. రాకెట్ మా ఇంట్ల రెండోది ఉన్నది, తీగ ఒక్కటి వదులైంది, గుంజిపిస్త. పొద్దుగాల ఆరింటికి బడి గ్రౌండుకు పోవాలె. మా దాన్ని లేపుడు నాతోని కాదు వదినె, నీ గొంతే పెద్దది, గోడ మీదికెల్లి ఒక కేకెయ్యి.

గిన్నె మరిశిపోతున్నవ్, తొక్కు తీస్కపో.