బొమ్మ చదవడం నేర్పుదాం

అక్షరం రానివారికి బొమ్మ చాలు అనుకుంటాం. అది సగమే నిజం.

మా అమ్మ చదువుకోలేదు. ఒకసారి ఆమెను పట్నంలో ఆసుపత్రికి తీసుకువెళ్లాను. మరుగుదొడ్డి తలుపుమీద స్త్రీ బొమ్మ ఉంది. అయినా అమ్మ లోపలికి వెళ్లక బయటే నిలబడిపోయింది. ఎందుకని అడిగితే, "గౌను వేసుకున్న పిల్ల బొమ్మ గదే! చిన్నపిల్లలది కాబోలు అనుకున్నా" అంది. మా ఊళ్లో పెద్దవాళ్లందరూ చీరలే కడతారు. గౌను వేసేది పసిపిల్లలకే. అమ్మ తప్పేమీ లేదు. ఆ బొమ్మ ఆమె ఎరిగిన లోకంలోనిది కాదు.

ఎరిగిన బొమ్మకు ఎంత బలముందో మన దేశమే చూపింది. 1951-52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు ఓటర్లలో చాలామందికి చదువు రాదు. అందుకని ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అంటించారు. కాడెద్దులు, కంకి కొడవలి - రైతు రోజూ చూసేవే. చదువు రానివారు కూడా పెట్టె ఏదని ఎవరినీ అడగకుండా ఓటు వేయగలిగారు. మెక్సికో నగరంలో 1969లో భూగర్భ రైలు మొదలైనప్పుడు కూడా స్టేషన్లకు పేరుతోపాటు బొమ్మ ఇచ్చారు. చపుల్తెపెక్ స్టేషనుకు మిడత బొమ్మ. ఆ పేరుకు అర్థమే మిడతల కొండ.

బొమ్మ గీసేవారి మనసులో మనిషి ఉండాలి. వికలాంగులకోసం పెట్టే చక్రాల కుర్చీ గుర్తును 1968లో డెన్మార్కుకు చెందిన సుసాన్ కోఫోడ్ అనే విద్యార్థిని గీసింది. మొదట అందులో తల లేదు, కుర్చీయే కనబడేది. తరువాత తలగా చిన్న సున్న చేర్చారు. అప్పుడు అందులో మనిషి కనబడ్డాడు.

గీసేవారి పని అది. మరి ఇంట్లో మన పని?

పురుగుమందు డబ్బాను ఒకసారి చూడండి. మూలమీద నిలబెట్టిన పలకలాంటి గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎర్రగా ఉంటే అది అన్నిటికంటె తీవ్రమైన విషం. పైన పుర్రె, ఎముకలు కూడా ఉంటాయి. దాని తరువాత పసుపు, ఆపైన నీలం, చివర ఆకుపచ్చ. పసుపు రంగంటే మనకు శుభం, ఆకుపచ్చంటే పైరు. డబ్బామీద అలా కాదు. పుర్రె లేదు గదా అని పసుపు డబ్బాను తేలికగా తీసుకోరాదు. అదీ గట్టి విషమే. ఆకుపచ్చ ఉన్నంత మాత్రాన చేతులు కడుక్కోకుండా అన్నం తినరాదు. ఖాళీ డబ్బాలో నీళ్లు, నూనె అసలే పోయరాదు.

ప్రియమైన చదువరులారా, మీ ఇంట చదువు వచ్చినవారు ఒక్కరున్నా చాలు. ఆ డబ్బామీది గుర్తును అమ్మమ్మకు, తాతయ్యకు, మందు కొట్టడానికి కూలికి వచ్చేవారికి చూపించి చెప్పండి. అక్షరాలు నేర్పడానికి ఏళ్లు పట్టవచ్చు. నాలుగు రంగులు నేర్పడానికి ఒక పూట చాలు.